పీటర్ గేబ్రియల్ 'షేకింగ్ ద ట్రీ': తొమ్మిదో పాట పక్కన పెన్సిల్ గీత

సముద్రగాలి (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. మా మామయ్య పోయిన ఏడాది కాలం చేశారు. మర్చంట్ నేవీలో ముప్ఫై ఏళ్ళు ఇంజిన్ రూమ్‌లో పనిచేశారు. మొన్న అత్తయ్య ఇల్లు సర్దుతూ ఒక అట్టపెట్టెడు సీడీలు నా చేతిలో పెట్టింది. అన్నీ ఘంటసాల, ఇళయరాజా, బాలమురళి. వాటి మధ్యలో ఒకే ఒక్క ఇంగ్లీషు సీడీ: పీటర్ గేబ్రియల్ 'షేకింగ్ ద ట్రీ'. ఏ రేవులో కొన్నారో తెలియదు. వెనక పాటల పట్టికలో తొమ్మిదో పాట, 'హియర్ కమ్స్ ద ఫ్లడ్' పక్కన పెన్సిల్‌తో చిన్న గీత ఉంది. మిగతా పదిహేను పాటలకీ ఏ గుర్తూ లేదు.

నాకు రాక్ సంగీతం అస్సలు తెలియదు. ఈయన ఎవరు? ఇది ఎలాంటి ఆల్బమ్? ఆ తొమ్మిదో పాటలో ఏముంది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
రండి, రండి. మంచి సీడీతో మొదలుపెట్టారు.

పీటర్ గేబ్రియల్ ఇంగ్లండ్ గాయకుడు, పుట్టింది 1950లో. చార్టర్‌హౌస్ అనే బడిలో చదువుకుంటూ తోటి పిల్లలతో కలిసి 1967లో 'జెనెసిస్' బ్యాండ్ మొదలుపెట్టారు. ప్రోగ్రెసివ్ రాక్ అనే పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన బ్యాండ్లలో అదొకటి. పాట మూడు నిమిషాల్లో అయిపోవాలన్న నియమం వాళ్ళకి లేదు. 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో 'సప్పర్స్ రెడీ' ఒక్కటే ఇరవై మూడు నిమిషాలు ఉంటుంది. మన హరికథలాగా కథ నడుస్తూ ఉంటుంది, మధ్యలో రాగం మారుతుంది, తాళం మారుతుంది, పాడేవాడు పాత్ర మారుస్తాడు. ఈయన వేదిక మీద వేషాలు కూడా కట్టేవారు. 1972లో డబ్లిన్‌లో భార్య ఎర్ర గౌను వేసుకుని, నక్క తల తగిలించుకుని వచ్చేసరికి బ్యాండ్‌లో మిగతావాళ్ళకే ముందు తెలియదట.

1975లో జెనెసిస్ వదిలేశారు. డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ అక్కడ గాయకుడయ్యారు. ఈయన 1977 నుంచి సొంతంగా ఆల్బమ్స్ చేశారు. మీ చేతిలో ఉన్నది 1990లో వచ్చిన సంకలనం. అప్పటిదాకా చేసిన సొంత పాటల్లోంచి ఏరినవి అందులో ఉన్నాయి.

ఏడు లెక్కలు (విజయవాడ)
సీడీ ఎప్పుడో ఒకప్పుడు వినండి కానీ, దాంతో మొదలుపెట్టొద్దని నా మాట. నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. కచేరీలో రాగం, తానం, పల్లవి అంతా వదిలేసి చివర్లో వచ్చే చిన్న చిన్న తుక్కడాలు మాత్రం వరసగా వాయిస్తే ఎలా ఉంటుందో ఈ సీడీ అలా ఉంటుంది. ఏడాది వరస లేదు. 1977 పాట తర్వాత 1980 పాట, వెంటనే 1986 పాట. ఒక మనిషి ఎలా ఎదిగాడో ఎక్కడా వినిపించదు.

ఇంకోటి, పాటలు కత్తిరించారు. 'మెర్సీ స్ట్రీట్' అసలు ఆరు నిమిషాల పైన ఉంటుంది. ఇందులో ఐదు నిమిషాలు కూడా లేదు. అది నెమ్మదిగా చీకటి పడ్డట్టు నడిచే పాట. దాన్ని తొందరపెట్టకూడదు.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
కత్తిరించిన సంగతి నిజం, అది నాకూ బాధే. కానీ వరస లేదనడం మాత్రం ఒప్పుకోను. ఆ వరస కావాలని పెట్టుకున్నదే. మొదటి పాట 'సాల్స్‌బరీ హిల్', జెనెసిస్ వదిలేసిన మనిషి పాట. చివరిది 'బీకో', ఇంకొకరి చావు గురించిన పాట. మధ్యలో తొమ్మిదో చోట పియానో ఒక్కటే పెట్టుకుని పాడింది. ముందూ వెనకా గట్టి పాటలుంటే మధ్యలో ఒక గది ఖాళీగా వదిలినట్టు ఉంటుంది.

నేను ఈ సీడీ అప్పు తెచ్చుకుని క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నవాణ్ణి. అప్పట్లో ఆల్బమ్స్ ఒక్కొక్కటీ కొనుక్కునే స్తోమత మాకెక్కడిది? ఈ పదహారు పాటలే లేకపోతే నాకు గేబ్రియల్ పేరే తెలిసేది కాదు. నాకు ఈయన్ని చూపించిన తలుపు ఇదే. అందుకే దీని మీద మాట పడితే ఊరుకోలేను.

బాత్ రోడ్డు (బ్రిస్టల్, యూకే)
సముద్రగాలి గారూ, మొదటి పాట గురించి చిన్న ముక్క. సాల్స్‌బరీ హిల్ నిజంగా ఉన్న కొండ. బాత్ ఊరి పక్కన, బాత్‌ఈస్టన్ పైన. అసలు పేరు లిటిల్ సాల్స్‌బరీ హిల్. ఇనుప యుగంలో అక్కడ కోట ఉండేది. పైన బల్లలా చదునుగా ఉంటుంది. నేను ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఎక్కాను. కింద ఊరంతా కనిపిస్తుంది, గాలి తప్ప చప్పుడుండదు.

అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, మంచి పేరున్న బ్యాండ్ వదిలేసిన మనిషికి అలాంటి చోటు అవసరం. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. 1974లో పెద్దమ్మాయి పుట్టినప్పుడు బిడ్డ బతుకుతుందో లేదో అన్న పరిస్థితి. బ్యాండ్‌కేమో 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' అనే రెండు రికార్డుల ఆల్బమ్ పూర్తి చేయాలి. ఇంటికీ స్టూడియోకీ మధ్య నలిగిపోయారు. వదిలేయడం వెనక అదంతా ఉంది. నేనూ ఒక ఉద్యోగం వదిలి ఇంకోదానికి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ పాట వింటుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఏడు లెక్కలు (విజయవాడ)
ఆ పాట గొప్పదే, కాదనను. తాళం చూడండి. ఏడు లెక్కలది, 7/4. చాలామంది వందసార్లు విని కూడా గమనించరు. ఎందుకంటే కింద డ్రమ్ ఒక్కో లెక్కకీ సమానంగా పడుతూ పోతుంది. పైన గిటార్ ఏడు పూర్తికాగానే మళ్ళీ మొదలుపెడుతుంది. చరణం దాటి పల్లవి చివరికొచ్చేసరికి మాత్రం నాలుగు లెక్కల్లో దిగుతుంది. అక్కడ వినేవాడికి ఎందుకో ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. కారణం ఆ మార్పే.

మనకి మిశ్రచాపు అలవాటే కదా. త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా' ఆ తాళమే. మనవాళ్ళు మూడూ నాలుగుగా విరుస్తారు, ఇక్కడ ఆ విరుపు వినిపించదు. నేను మా గురువుగారికి ఇది వినిపిస్తే రెండోసారి చెయ్యి వేసి లెక్కపెట్టి, 'బాగా దాచాడురా' అన్నారు.

సముద్రగాలి (విశాఖపట్నం)
ఇప్పుడే విన్నాను. నేను లెక్కపెట్టలేకపోయాను కానీ చివర్లో ఊపిరి పీల్చుకున్నట్టు అన్నారే, అది తెలిసింది. అందరికీ థాంక్స్. తొమ్మిదో పాట సంగతి ఎవరైనా చెప్తారా?

కొత్త చెవులు (హైదరాబాద్)
నేను ఫోన్‌లో స్ట్రీమింగ్‌లో వినేవాణ్ణి. నా సందేహం వేరే. కెరీర్ మొత్తం సంకలనం అంటారు కదా, మరి జెనెసిస్ పాట ఒక్కటి కూడా లేదే! ఎనిమిదేళ్ళు అక్కడ పాడాడు. 'సప్పర్స్ రెడీ' లేకపోయినా 'ద కార్పెట్ క్రాలర్స్' ఐనా ఉండాలి కదా. ఇంకా ఘోరం, 'ఇన్ యువర్ ఐస్' లేదు! ఆయన పాటల్లో నాకు మొదట తెలిసిందే అది.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
'ఇన్ యువర్ ఐస్' లేకపోవడం నాకూ ఎప్పటికీ అంతుపట్టదు తమ్ముడూ. 1986 'సో' ఆల్బమ్ నుంచి 'స్లెడ్జ్‌హామర్', 'బిగ్ టైమ్', 'రెడ్ రెయిన్', 'డోంట్ గివప్', 'మెర్సీ స్ట్రీట్' అని ఐదు తీసుకుని, దాన్ని వదిలేశారు. అదే 1978లో వచ్చిన రెండో ఆల్బమ్ చూడు. దాన్నుంచి ఒక్క పాటా లేదు. కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్ గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ నిర్మాతగా ఉన్న ఆల్బమ్ అది. పాపం దాన్ని ఎవరూ పట్టించుకోరు.

జెనెసిస్ సంగతికొస్తే, అది బ్యాండ్ సొత్తు. ఆయన దాన్ని తన లెక్కలో వేసుకోకపోవడంలో ఒక మర్యాద ఉందని నాకనిపిస్తుంది. అలాగే బ్యాండ్లలో పాడిన ఇంకో ఇంగ్లండ్ గాయకుడు గ్రెగ్ లేక్ వేరే దారిలో వెళ్ళారు. 1997లో వచ్చిన ఆయన రెండు సీడీల సంకలనంలో కింగ్ క్రిమ్సన్ పాటలూ, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ పాటలూ ఉన్నాయి. అదీ తప్పేం కాదు. ఆయన గొంతు ఎక్కడెక్కడ పనిచేసిందో వరసగా తెలుస్తుంది.

కొత్త చెవులు (హైదరాబాద్)
అన్నా, మర్యాద అంటే బాగానే ఉంది. కానీ వినేవాడికి నష్టమే కదా. 2014లో జెనెసిస్ వాళ్ళు 'ఆర్-కైవ్' అని మూడు సీడీలు తెచ్చారు. ముప్ఫై ఏడు పాటలు. బ్యాండ్ పాటలతోపాటు అందులోని ఐదుగురు సభ్యులవీ సొంత పాటలు తలా మూడు పెట్టారు. గేబ్రియల్‌వి 'సాల్స్‌బరీ హిల్', 'బీకో', 'సిగ్నల్ టు నాయిస్'. మొదట్లో బడిపిల్లల్లా పాడిన గొంతు పెద్దయ్యాక ఎలా మారిందో అందులో వినిపిస్తుంది. నాకు అదే నచ్చింది.

ఏడు లెక్కలు (విజయవాడ)
అదీ నేను మొదట అన్నది. వరస ఉంటేనే ఎదుగుదల వినిపిస్తుంది.

మంజీర ఒడ్డు (సంగారెడ్డి)
చాలా రోజులకి ఇటు వచ్చాను. గేబ్రియల్ పేరు చూసి ఆగిపోయాను.

నేను ఈయన్ని చూశాను. 1988 సెప్టెంబర్ 30, ఢిల్లీ, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. మానవ హక్కుల ప్రకటనకి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆమ్నెస్టీ వాళ్ళు దేశదేశాలూ తిరిగి చేసిన కచేరీల్లో ఒకటి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌డూర్, గేబ్రియల్. నేను అప్పుడు అక్కడ ఎమ్మే చదువుతున్నాను. హాస్టల్ స్నేహితుడు టికెట్ ఉందంటే వెళ్ళాను. అందరూ స్ప్రింగ్‌స్టీన్ కోసం వచ్చారు. నాకు ఆ పేర్లలో ఏదీ సరిగ్గా తెలియదు.

గేబ్రియల్ 'బీకో' పాడారు. స్టీవ్ బీకో ఎవరో నాకు ఆ రాత్రికి తెలియదు. డ్రమ్ మాత్రం ఛాతీలో కొట్టినట్టు ఉంది, శవం వెంట వాయించే డప్పులాగా నిదానంగా. జనం చేతులెత్తి ఆ చివరి రాగం అందుకున్నారు. ఒక్కొక్కరే వేదిక దిగి వెళ్ళిపోతున్నా కింద పాట ఆగలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఆ పేరు వెతుక్కున్నాను. దక్షిణాఫ్రికాలో నల్లజాతి వాళ్ళకి తలెత్తుకోమని నేర్పిన మనిషి. పోర్ట్ ఎలిజబెత్‌లో పోలీసులు 619వ నంబరు గదిలో పెట్టి కొట్టారు. దెబ్బలతో ఉన్నవాణ్ణి బండిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకుపోయారు. 1977 సెప్టెంబర్ 12న ప్రిటోరియాలో చనిపోయాడు. వయసు ముప్ఫై.

మా వైపు లాకప్ చావుల వార్తలు చదువుతూ పెరిగినవాణ్ణి. అంత దూరం దేశంలో పుట్టిన తెల్లవాడు ఇంకో దేశపు నల్లవాడి పేరు పాటలో పెట్టి ఢిల్లీలో పాడితే, సంగారెడ్డి పిల్లవాడికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దాని తర్వాత నేను సంగీతం వినే పద్ధతే మారిపోయింది.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
అన్నా, ఇది ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు మీరు!

బాత్ రోడ్డు (బ్రిస్టల్, యూకే)
మంజీర ఒడ్డు గారూ, చదువుతుంటే మాట రావడం లేదు. చిన్న వివరం కలుపుతాను. 'బీకో' వచ్చిన 1980 ఆల్బమ్‌ని అమెరికాలో అప్పటి కంపెనీ విడుదల చెయ్యనని తిప్పి పంపేసింది. వేరే కంపెనీ తీసుకుని వేసింది. ఆ ఆల్బమ్‌లోనే తాళాలు, అంటే సింబల్స్, వాడొద్దని గేబ్రియల్ డ్రమ్మర్లకి షరతు పెట్టారు. ఫిల్ కాలిన్స్ వచ్చి వాయిస్తే, ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌హామ్ ఆ మోతని ఠక్కున కోసినట్టు రికార్డు చేశారు. ఎనభైల్లో ప్రపంచమంతా వినబడ్డ డ్రమ్ శబ్దం అక్కడ పుట్టింది. 'ఇంట్రూడర్' పాటలో వినండి. ఈ సంకలనంలో మాత్రం ఆ పాట లేదు.

సముద్రగాలి (విశాఖపట్నం)
మీరందరూ ఇంత ఓపికగా రాస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. నేను రోజుకి రెండేసి పాటలు వింటున్నాను, మీరు రాసింది ముందు చదివి. 'డోంట్ గివప్' విన్నాక మా అమ్మకి కూడా వినిపించాను. అందులో పాడిన ఆవిడ ఎవరండీ? భాష అర్థం కాకపోయినా అమ్మ 'ధైర్యం చెప్తోంది కదూ' అంది.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
కేట్ బుష్. అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. ఉద్యోగం పోయి, ఊరు తిరిగి, ఎక్కడా పని దొరకని మగవాడు తన బాధ చెప్పుకుంటాడు, ఆవిడ ఓదారుస్తుంది. అమెరికాలో ముప్ఫైల నాటి కరువు రోజుల్లో డొరొతియా లాంగ్ తీసిన ఫొటోలు చూసి ఆ ఆలోచన వచ్చింది. మొదట డాలీ పార్టన్‌ని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. కేట్ బుష్ వచ్చాక ఇంకెవరూ పాడగలరని అనిపించదు. చివర్లో బాస్ గిటార్ శబ్దం మెత్తగా, మూటగట్టినట్టు ఉంటుంది చూడండి. టోనీ లెవిన్ తన పసిపాప డైపర్‌ని తీగల కింద దోపి వాయించారు. ఓదార్పు పాటకి పసిబిడ్డ గుడ్డ! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

మాండొలిన్ (పాలకొల్లు)
ఇంతమంది మాట్లాడారు కానీ పదిహేనో పాట గురించి ఎవరూ ఎత్తలేదు. 'జార్'. హిట్ పాటల సంకలనంలో దానికి చోటివ్వడం ఎంత ధైర్యమో చూడండి. అది మార్టిన్ స్కోర్సెసీ సినిమా 'ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్' కోసం చేసిన సంగీతంలోది. 1989లో 'ప్యాషన్' అన్న పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. ఈజిప్ట్, సూడాన్ లాంటి దేశాల్లో దెయ్యం పట్టినవాళ్ళకి వదిలించే క్రతువు పేరు అది. మాటలతో కథ చెప్పే పాట కాదు, వాద్యాలే నడిపిస్తాయి.

ఆ ఆల్బమ్‌లో వయొలిన్ వాయించినవారు మన మద్రాసులో పుట్టిన ఎల్. శంకర్. ఎల్. సుబ్రహ్మణ్యం గారి తమ్ముడు. రెండు మెడల డబుల్ వయొలిన్ ఆయనది. నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతూ ఉంది. కర్ణాటక వయొలిన్, పంజాబీ కవ్వాలీ, ఆఫ్రికా డ్రమ్స్ ఒకేచోట పెట్టి, ఏదీ ఇంకోదాన్ని తొక్కకుండా చూశారు. సినిమా సంగీతం చేసేవాళ్ళు కూర్చుని నేర్చుకోవలసిన ఆల్బమ్.

ఇక అసలు విషయం. ఆ ఏడాదే గేబ్రియల్ 'రియల్ వరల్డ్' రికార్డ్స్ మొదలుపెట్టారు. విల్ట్‌షైర్‌లో బాక్స్ అనే పల్లెటూళ్ళో స్టూడియో. ఆ లేబుల్ మీద 1994లో మా పాలకొల్లు బిడ్డ మాండొలిన్ యు. శ్రీనివాస్ గారి 'రామ శ్రీరామ' వచ్చింది. మరుసటి ఏడాది కెనడా గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్'. 'డ్రీమ్' వినని తెలుగువాళ్ళెవరైనా ఇక్కడుంటే ఈ రాత్రే వినండి. ఆయన 2014లో నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ఇప్పటికీ ఆ పేరు చెప్తే గొంతులు వణుకుతాయి.

ఏడు లెక్కలు (విజయవాడ)
'రామ శ్రీరామ' నా దగ్గర ఉంది! లేబుల్ పేరు చూశాను కానీ అది గేబ్రియల్‌దని నాకు ఈ క్షణం దాకా తెలియదు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. మాండొలిన్ గారూ, చేతులెత్తి దండం.

కొత్త చెవులు (హైదరాబాద్)
మన వైపు ఇంకో ముడి. 2009 ఆస్కార్‌లో పాటల విభాగంలో పోటీలో ఉన్నవి మూడే. రెండు రెహమాన్‌వి, మూడోది 'వాల్-ఇ' సినిమాలో గేబ్రియల్ పాడిన 'డౌన్ టు ఎర్త్'. 'జై హో' గెలిచింది. వేడుకలో పాటని ఒక్క నిమిషానికి కుదిస్తామంటే గేబ్రియల్ పాడనన్నారు. పాట కత్తిరిస్తే ఆయనకే బాధ. అలాంటిది ఈ సీడీలో కత్తిరింపులకి ఎలా ఒప్పుకున్నారో!

బాత్ రోడ్డు (బ్రిస్టల్, యూకే)
మంచి ప్రశ్న. 1990 నాటికి రేడియోలో వాడిన కుదింపులు ఉన్నాయి, వాటినే పెట్టారు చాలా చోట్ల. కానీ తొమ్మిదో పాట దగ్గర మాత్రం పాతది పెట్టకుండా మళ్ళీ కొత్తగా పాడారు. సముద్రగాలి గారు అడిగింది దాని గురించే కాబట్టి ఇప్పుడు వివరంగా రాస్తాను.

'హియర్ కమ్స్ ద ఫ్లడ్' 1977లో మొదటి సొంత ఆల్బమ్‌లో చివరి పాట. నిర్మాత బాబ్ ఎజ్రిన్. నెమ్మదిగా మొదలై, పెద్ద గిటార్, పెద్ద డ్రమ్స్, ఆకాశమంత మోత. బాగుంటుంది కానీ పాట మోత కింద పడిపోయింది. గేబ్రియల్‌కే ఆ రూపం నచ్చలేదు, అలంకారం ఎక్కువైందని అనుకున్నారు. 1979లో రాబర్ట్ ఫ్రిప్ తన 'ఎక్స్‌పోజర్' ఆల్బమ్‌లో ఇదే పాటని గేబ్రియల్ గొంతుతో, పియానోతో, పలచటి గిటార్ తెరలతో మళ్ళీ చేశారు. ఆ ఏడాది క్రిస్మస్‌కి కేట్ బుష్ బీబీసీ కార్యక్రమంలో ఈయన ఒక్కరే పియానో ముందు కూర్చుని పాడారు. ఆ తర్వాత 1990లో ఈ సంకలనం కోసం గొంతు, పియానో, అంతే. పదమూడేళ్ళు ఒకే పాట దగ్గరికి తిరిగి తిరిగి వచ్చి, ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయారు.

నా లెక్కలో ఈ సీడీ కొనడానికి ఆ ఒక్క పాట చాలు. మీ మామయ్యగారు సరైన చోటే గీత పెట్టారు.

ఏడు లెక్కలు (విజయవాడ)
ఇక్కడ నేను మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంకలనం వద్దన్నాను కానీ, ఆ 1990 రూపం సంకలనంలోనే పుట్టింది. రాత్రి మూడూ వరసగా విన్నాను. తాళం పక్కన పెట్టి, మాట ఎంతసేపు నిలవాలో అంతసేపు నిలిపాడు. విరుత్తంలా పాడాడు.

సముద్రగాలి (విశాఖపట్నం)
బాత్ రోడ్డు గారూ, చాలా థాంక్స్. ఆ పాటలో అర్థం ఏమిటి? ఫ్లడ్ అంటే వరదే కదా?

బాత్ రోడ్డు (బ్రిస్టల్, యూకే)
నీళ్ళ వరద గురించి రాసింది కాదండి. షార్ట్‌వేవ్ రేడియో రాత్రిపూట ఎక్కువ దూరం నుంచి వినబడుతుంది కదా, ఆ ఆలోచనలోంచి, ఒక కలలోంచి వచ్చిందని ఆయనే చెప్పారు. మనుషుల మధ్య గోడలు కరిగిపోయి, ఒకరి మనసులో మాట ఇంకొకరికి వినబడిపోతే ఎలా ఉంటుంది? ఆ ఆలోచనల వెల్లువే ఫ్లడ్. దాచుకోకుండా బతికినవాళ్ళు తట్టుకుంటారు, అన్నీ లోపల దాచుకున్నవాళ్ళకి కష్టం. తమ దీవిని వదులుకున్నవాళ్ళే మిగులుతారన్న అర్థం వచ్చే మాట ఒకటి పల్లవిలో ఉంటుంది. అక్కడ దీవి అంటే మనిషి చుట్టూ కట్టుకున్న ఒంటరితనం.

సముద్రగాలి (విశాఖపట్నం)
రెండు రోజులు రాయలేకపోయాను, క్షమించండి.

మా అమ్మవాళ్ళది నాగాయలంక దగ్గర పల్లె. దివిసీమ. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు మామయ్యకి పదహారేళ్ళు. అమ్మ చిన్నది, మచిలీపట్నంలో పెద్దమ్మ ఇంట్లో ఉంది కాబట్టి మిగిలింది. మామయ్య తాడిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారు. తాతయ్య, అమ్మమ్మ, ఇద్దరు చిన్న మామయ్యలు దొరకలేదు. ఈ సంగతి మాకు అమ్మ చెప్పిందే. మామయ్య నోట ఒక్కసారి కూడా వినలేదు. అలాంటి మనిషి బతుకంతా సముద్రం మీదే ఉద్యోగం ఎందుకు చేశారని అమ్మ ఇప్పటికీ అంటుంది. మామయ్య ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు.

మీరు దీవి అన్న మాట రాసేసరికి నా చేతులు ఆగిపోయాయి. గేబ్రియల్ వేరే అర్థంలో రాసి ఉండొచ్చు. మామయ్య ఇంజిన్ రూమ్‌లో డ్యూటీ దిగి, క్యాబిన్‌లో ఆ పాట పెట్టుకుని, నీళ్ళనే విని ఉంటారు. ఇంగ్లీషు బాగా వచ్చు ఆయనకి.

మంజీర ఒడ్డు (సంగారెడ్డి)
తల్లీ, ఏం రాయాలో తెలియడం లేదు. ఆ ఉప్పెన వార్తలు పేపర్లో నేను చదివాను, అప్పుడు బడిలో ఉన్నాను. మా ఊళ్ళో బట్టలు, బియ్యం పోగుచేసి పంపారు. అమ్మని జాగ్రత్తగా చూసుకో.

మాండొలిన్ (పాలకొల్లు)
మాది పక్కనే, గోదావరి డెల్టా. మా నాన్నగారు సహాయం చెయ్యడానికి లారీలో వెళ్ళారు అప్పుడు. తిరిగొచ్చాక నెల రోజులు చేప ముట్టలేదని మా అమ్మ చెప్పేది.

పాత క్యాసెట్ (సికింద్రాబాద్)
మీ మామయ్యగారికి నా నమస్కారం. ఈ సీడీ మీద మేం ఎన్ని చర్చలు చేశామో, ఏ పాట ఉండాలి, ఏది పోవాలి అని. ఆయన ఒక్క గీత గీసి ఊరుకున్నారు.

ఏడు లెక్కలు (విజయవాడ)
సముద్రగాలి గారూ, అమ్మగారికి ఆ పాట వినిపించారా?

సముద్రగాలి (విశాఖపట్నం)
ఇవాళ పొద్దున వినిపించానండి. పాట ఏమిటో, పెన్సిల్ గీత సంగతేమిటో ముందే చెప్పాను. దీవి మాట వచ్చే చోటు కూడా చూపించాను. అమ్మ ఏమీ అనలేదు. అయిపోయాక సీడీ కవర్ అడిగి తీసుకుంది. ఆ గీత మీద వేలు పెట్టి చూసి, మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు విన్నాం.

వచ్చే నెల నాగాయలంక వెళ్దామంది. నేను లీవు పెట్టాను. అత్తయ్య కూడా వస్తానంది.